సింహాచలం గిరి ప్రదక్షిణ దారి 32 కిలోమీటర్ల పరుగుకి ఎలా ఉంటుంది?

అరుణాచలం గిరివలం 14 కిలోమీటర్లు, గోవర్ధన పరిక్రమ 21. విశాఖలోని మన సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ దారి 32. అరుణాచలం హాయిగా తిరిగొచ్చామన్న లెక్కతో ఇక్కడ పరుగు మొదలుపెడితే సీతమ్మధార దాటేసరికి కాళ్ళు మొరాయిస్తాయి. ఆగకుండా 24 కిలోమీటర్లు పరుగెత్తిన అలవాటు లేనివాళ్ళు ఈ దారిని ముందు ఒకసారి నడిచి చూడడమే మేలు.

మామూలు రోజు తెల్లవారుజామున అయితే పరుగుకి ఈ దారికి 5కి 4 ఇవ్వొచ్చు. ఆషాఢ శుద్ధ చతుర్దశి నాడైతే 1. ఆ రోజు లక్షల మంది ప్రదక్షిణకి వస్తారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు రోడ్డంతా ఉంటారు. వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోవడం ప్రమాదం, పైగా తప్పు కూడా. కింద కొబ్బరిచిప్ప పెంకులు, అరటి తొక్కలు, నీళ్ళ ప్యాకెట్ల ప్లాస్టిక్ తడితడిగా పడి ఉంటాయి. అడుగు జారితే చీలమండ మెలిపడుతుంది. ఆ రోజు నడవాలి. పరుగు కోసం పౌర్ణమికి పది రోజుల ముందో తర్వాతో ఏదైనా ఆదివారం ఎంచుకోవాలి.

కాకపోతే, పండుగనాటి సేవ మాత్రం ఏ మారథాన్‌లోనూ దొరకదు. దారి పొడవునా మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు, టీ, బిస్కెట్లు పిలిచి మరీ చేతిలో పెడతారు. నడిచేవాళ్ళకి అది ప్రసాదమే. పరుగెత్తే కడుపుకి మాత్రం నూనె, పప్పు ఉన్న పులిహోర బరువు. మామూలు రోజున ఆ పందిళ్ళేవీ ఉండవు కాబట్టి అన్నీ మోసుకెళ్ళాలి.

కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరితే అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, విశాలాక్షినగర్, జోడుగుళ్ళపాలెం తీరం వస్తాయి. అక్కడి నుంచి అప్పూఘర్, వెంకోజీపాలెం, ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, మురళీనగర్, ఎన్ఏడీ కూడలి, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల మీదుగా మళ్ళీ తొలిపావంచా. ప్రదక్షిణ కాబట్టి కొండ ఎప్పుడూ కుడిచేతి వైపే. రోడ్డుకి కుడి అంచున వెళ్తే ఎదురొచ్చే బండి కనిపిస్తుంది, అది మంచిదే. చిక్కల్లా రోడ్డు వాలుతోనే. వాన నీళ్ళు పోవడానికి అంచులు పల్లంగా వేస్తారు. మొత్తం దూరం ఒకే అంచున పరుగెడితే కుడికాలు ప్రతి అడుగుకీ కాస్త కిందికి పడి, మోకాలి బయటివైపు నొప్పి పుడుతుంది. ఫుట్‌పాత్ బాగున్నచోట దానిమీదికి, ఖాళీ కాలనీ రోడ్డు వస్తే దాని మధ్యకి మారుతూ ఉండాలి.

బయలుదేరాల్సింది మూడున్నరకి. కిలోమీటరుకి 7 నిమిషాల చొప్పున మొత్తం 3 గంటల 44 నిమిషాలు పడుతుంది. అలా వెళ్తే సముద్రం దగ్గరికి చేరేసరికి వెలుగు వస్తుంది, ఎన్ఏడీ దగ్గర బస్సులు, లారీలు కిక్కిరిసేలోపు దాటేయొచ్చు. ఐదింటికి మొదలుపెడితే ఆఖరి పది కిలోమీటర్లూ ఎండలో, పొగలో పరుగెత్తాలి. ముడసర్లోవ వైపు చీకటి. తలకి లైటు కావాలి, కుక్కలుంటాయి కాబట్టి ఒంటరిగా వెళ్ళకూడదు.

ఈ దారిలో పరుగెత్తేవాళ్ళని అన్నిటికన్నా దెబ్బతీసేది సముద్ర స్నానం. ఆచారం ప్రకారం జోడుగుళ్ళపాలెం, అప్పూఘర్ తీరంలో మునిగి ముందుకు సాగుతారు. ఇంకా 18 కిలోమీటర్లకు పైగా మిగిలి ఉండగా బట్టలు ఉప్పునీళ్ళతో తడుస్తాయి. ఆ నీళ్ళు ఆరేకొద్దీ ఉప్పు పలుకులు తొడల మధ్య, చంకల్లో గరుకుకాగితంలా ఒరుసుకుంటాయి. తడి పాదాలకి అంటిన ఇసుక సాక్స్‌లోకి చేరితే ఐదారు కిలోమీటర్లలోపే బొబ్బలు లేస్తాయి. మూడు దోసిళ్ళ నీళ్ళు తలమీద చల్లుకుని ఆగిపోతే ఈ బాధేమీ లేదు. మునగాల్సిందే అనుకుంటే అర లీటరు మంచినీళ్ళు, పలచని తువ్వాలు, పొడి సాక్స్, పొడి నిక్కరు కవర్లో కట్టి ఆ చోటికి ఎవరిచేతైనా తెప్పించుకోవాలి. ముందు కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, వాజలైన్ రాసి, ఆ తర్వాతే సాక్స్ వేసుకోవాలి. మన తీరంలో అల వెనక్కి లాగే బలం ఎక్కువ, మోకాలి లోతు దాటి వెళ్ళొద్దు.

ఆషాఢంలో విశాఖ గాలిలో తేమ ఎంత ఉంటుందంటే చెమట ఆరదు, కారిపోతుంది. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందుకే ఇదే వేగం డిసెంబరులో తేలికగానూ, జులైలో భారంగానూ ఉంటుంది. జులైలో కిలోమీటరుకి అర నిమిషం నుంచి నిమిషం దాకా ఎక్కువ పట్టేలా వేగం తగ్గించుకోవాలి. ఎంత చెమట పోతుందో తెలియాలంటే ముందు వారాల్లో గంట పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలోకీ సుమారు లీటరు చెమట పోయినట్టు. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి వాంతులు, తలనొప్పి, మగత వస్తాయి. దాహం తీరేంతే తాగాలి.

డబ్ల్యూహెచ్ఓ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్ ప్యాకెట్ 20.5 గ్రాములు, సరిగ్గా లీటరు నీళ్ళకి. అర లీటరు సీసాలో పొట్లమంతా పోసేవాళ్ళుంటారు, ఆ చిక్కటి నీళ్ళు కడుపులో తిప్పుతాయి. ఇంట్లోనే లీటరు కలిపి రెండు సీసాల్లోకి సర్దుకోండి. తిండి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చాలు. ఒక అరటిపండు, రెండు మూడు ఖర్జూరాలు తింటే సరిపోతుంది. చీకట్లో కొట్లు తెరిచి ఉండవు కాబట్టి హనుమంతవాక దాకా సరిపడా నీళ్ళు వెంటే ఉండాలి. నొప్పి మాత్ర ముందుగానే వేసుకుని పరుగెత్తొద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీలకి చేటు.

పాదాలు ఉబ్బుతాయి కాబట్టి అర సైజు పెద్ద బూట్లు, కనీసం వంద కిలోమీటర్లు వాడినవి వేసుకోవాలి. ఉత్తకాళ్ళతో పరుగు అలవాటు లేనివాళ్ళు మొక్కు పేరుతో ఆ రోజే మొదలుపెట్టొద్దు. పిక్కలు, మడమ వెనక స్నాయువు పట్టేస్తాయి.

తిరిగి తొలిపావంచా చేరాక మెట్లెక్కి స్వామిని చూడాలనిపిస్తుంది. ఇరవై నిమిషాలు కూర్చుని, ఏదైనా తిని, మెల్లగా ఎక్కొచ్చు. దిగడం మాత్రం మెట్ల మీద వద్దు. అప్పటికే అలిసిన తొడ కండరాలు దిగేటప్పుడే ఎక్కువ చిరుగుతాయి. కిందికి ఘాట్ రోడ్డు మీదుగా దేవస్థానం బస్సులో రండి.