స్కిట్టా, సీరీసా?

టీవీకి కామెడీ రాద్దామని కృష్ణానగర్ వచ్చే కుర్రాళ్ళు నన్ను అడిగేది ఒకటే. స్కిట్ టీంలో చేరాలా, సీరీస్ ఛాన్స్ కోసం ఆగాలా? నేను రెండూ రాశాను.

మోజు సీరీస్ మీదే ఉంటుంది, అది సహజం. 2001లో జెమినిలో మొదలైన 'అమృతం'లో ఇంటి ఓనర్ అప్పాజీ గుమ్మంలో కనబడితే చాలు, మాట అనకముందే నవ్వొచ్చేది. పాత్ర ఒకసారి కుదిరిందంటే సగం రాత అదే రాసుకుంటుంది. కానీ అలాంటివి మనకెన్ని వచ్చాయి? 2007లో ఆగిన ఆ 'అమృతం' కూడా మళ్ళీ సీరీస్‌గా వచ్చింది 2020లో, జీ5లో. అన్నేళ్ళు ఎదురుచూస్తూ కూర్చుంటే రూమ్ అద్దె ఎవరు కడతారు?

స్కిట్‌లో పాత్ర ఆ వారంతో సరి. పైగా టైం ఉండదు. అయినా నా ఓటు దానికే, ఎందుకంటే రాసింది పేలిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఓ పెళ్ళిచూపుల స్కిట్‌లో తండ్రి "మావాడికి ఏ అలవాటూ లేదండీ" అంటాడు. "ఉద్యోగానికెళ్ళే అలవాటు కూడా లేనట్టుంది, ఇంట్లోనే ఉన్నాడుగా" అని నేను జవాబు రాశాను. రిహార్సల్‌లో ఒక్కరూ నవ్వలేదు. ఆర్టిస్ట్ కాసేపు నమిలి, "ఉద్యోగం కూడానా?" అన్నాడంతే. లైట్‌బాయ్ కూడా నవ్వాడు. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కదా, దాంతో పంచ్ మాట మధ్యలో ఇరుక్కుని చస్తుంది. ఈ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. సీరీస్‌లో అయితే ఆ డైలాగ్ అలాగే షూట్ అయిపోయేది, తప్పు నెలల తర్వాత తెలిసేది.

ఇంకోటి, స్కిట్‌లో రాసేవాడు తెర మీదికీ రావచ్చు. 2013లో ఈటీవీలో మొదలైన 'జబర్దస్త్'లో హైపర్ ఆది వచ్చింది ఆ దారినే. ముందు అదిరే అభి టీంకి రాశాడు.

సినిమా కామెడీ ట్రాక్ అంటారా, పిలిస్తే వెళ్ళండి. యూట్యూబ్ ఎలాగూ ఖాళీ టైంలో చేసుకునేదే.

చేరేముందు డబ్బు టీం లీడర్ ఇస్తాడా, ప్రొడక్షన్ వాళ్ళిస్తారా అని అడగండి. మొహమాటపడి నేను అడగలేదు, ఒక టీం నుంచి మూడు ఎపిసోడ్ల డబ్బు ఇంకా రావాలి. పోయిన నెల ఓ వెబ్ సీరీస్ ఒప్పుకున్నాను. స్కిట్ రిహార్సల్స్‌కి మాత్రం ఇప్పటికీ వెళ్తున్నా, అదీ వేరే టీంకి.