బేస్‌మెంట్‌లో పశువుల తొట్టి: 100 గ్యాలన్ల స్టాక్ ట్యాంక్‌కి అయిదుకి నాలుగు స్టార్లు

మిన్నెసోటాలో పెరట్లో కొలను పెట్టుకున్నవాళ్లకి సెప్టెంబరు చివరికల్లా ఒక టెన్షన్ మొదలవుతుంది. నీళ్లు గడ్డకట్టే చలికాలంలో చేపల్ని ఏం చేయాలి? ఆక్వేరియం షాపులో అడిగితే పెద్ద గాజు ట్యాంకు చూపిస్తారు. పాండ్ షాపులో అడిగితే మంచు గడ్డకట్టకుండా ఉంచే హీటరు చూపిస్తారు. నేను వాడేది మాత్రం ఫార్మ్ సప్లై షాపులో గుర్రాల దాణా బస్తాల పక్కన దొరుకుతుంది. ఆవులకీ గుర్రాలకీ నీళ్లు పెట్టే నల్ల ప్లాస్టిక్ తొట్టి, ఇక్కడివాళ్లు స్టాక్ ట్యాంక్ అంటారు. 100 గ్యాలన్లది, అంటే 380 లీటర్లకి కాస్త తక్కువ. మాకు 125 డాలర్ల లోపే వచ్చింది. అన్ని నీళ్లు పట్టే గాజు ట్యాంకూ దాని స్టాండూ కలిపి ధర చూశాక ఇంక ఆలోచించలేదు.

వ్యాన్‌లోంచి దించుతూ మా ఆయన, “గేదెలెప్పుడు వస్తున్నాయి?” అన్నారు. నవ్వుకోనివ్వండి. ఇప్పుడు చలికాలం చుట్టాలొస్తే వాళ్లని బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి చూపించేది ఆయనే.

హీటరు ఎందుకు వద్దన్నానో ముందు చెప్తాను. మా కొలను రెండడుగుల లోతు. ఇక్కడ సరస్సుల మీద మంచే రెండడుగులు గడ్డకడుతుంది, దాని మీద పికప్ ట్రక్కులు తోలుకెళ్లి గాలాలు వేస్తారు. కాబట్టి మా కొలను అడుగు దాకా గడ్డకట్టడానికి ఒక గట్టి జనవరి చాలు. పైన తేలే హీటరు నీళ్లని వేడి చేయదు, మంచులో ఒక కన్నం తెరిచి ఉంచుతుందంతే. ఆ కన్నంలోంచి చెడ్డ గాలి బయటికి పోతుంది. నాలుగడుగుల కొలనుకి అది సరిపోతుంది, ఎందుకంటే నీళ్లు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువు, ఆ నీళ్లే అడుగుకి చేరతాయి, చేపలూ అక్కడే కదలకుండా పడుంటాయి. మాలాంటి పిల్ల కొలనుకి ఆ అడుగే ఉండదు. పైగా 1,250 వాట్ల హీటరు రోజంతా ఆరకుండా వెలిగితే 30 యూనిట్ల కరెంటు. తొట్టిలో నేను పెట్టిన గాలి పంపు 5 వాట్లది.

మావి గోల్డ్‌ఫిష్, మొండి ఘటాలు. ఆక్సిజన్ బొత్తిగా లేకపోయినా అవి కొన్నాళ్లు బతకగలవు. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల్లోంచి బయటికి వదిలేస్తాయి. ఆస్లో, లివర్‌పూల్ విశ్వవిద్యాలయాలవాళ్లు 2017లో దాని వెనకున్న ఎంజైముల సంగతి బయటపెట్టారు. మంచు కింద చలికాలమంతా సారా కాచుకుంటూ గడిపేస్తాయన్నమాట! అయితే ఆక్సిజన్ లేకపోతే బతుకుతాయి గానీ ఒళ్లంతా గడ్డకడితే బతకవు.

తొట్టి సంగతికొస్తాను. నాలుగున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, కోడిగుడ్డు ఆకారం. గోడ మందంగా ఉంటుంది, పశువులు కాలితో తన్నినా పగలకుండా చేసింది కదా. మూలలు లేవు కాబట్టి భయపడ్డ చేప వెళ్లి మూలలో ఇరుక్కోదు. నలుపు కాబట్టి వెలుతురు చొరబడదు, గోడలకి నాచు దాదాపు పట్టదు, చేపలు కూడా స్థిమితంగా ఉంటాయి. పైభాగం వెడల్పు కాబట్టి నీళ్లకి గాలి బాగా తగులుతుంది. నిండిన తొట్టి నీళ్ల బరువే దాదాపు 380 కిలోలు, అందుకని నేరుగా బేస్‌మెంట్ కాంక్రీటు మీదే పెట్టాం. మేడ మీద గదిలో పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

ఒక స్టారు తగ్గించింది అడుగున ఉన్న డ్రెయిన్ బిరడా వల్ల. కొత్తదైనా సరే, అందులోంచి బొట్టు బొట్టుగా నీళ్లు కారాయి. పొలంలో అయితే ఎవరూ పట్టించుకోరు, బేస్‌మెంట్‌లో కార్పెట్ పక్కన ఆ బొట్టే పెద్ద సమస్య. బిరడా మర మీద ప్లంబర్లు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తే ఆగింది. కొన్నవాళ్లు నీళ్లు నింపకముందే ఆ పని చేయండి, నిండాక బిరడా విప్పడం కుదరదు. ఇంకో చిన్న అసంతృప్తి, చేపల్ని పక్కనుంచి చూడలేం. పైనుంచే చూడాలి. మా అబ్బాయికి ఇది నచ్చదు, నాకు పరవాలేదు, చెరువులో చేపల్ని ఎప్పుడూ పైనుంచే చూస్తూ పెరిగాను.

మాది పాలకొల్లు దగ్గర. అక్కడ చేపల చెరువులవాళ్లకి ఎండాకాలం తెల్లవారుజామున గాలి చాలక చేపలు పైకి తేలతాయేమోనని భయం, అందుకే ఏరియేటర్లు తిప్పుతారు. ఇక్కడ భయం వేరు, అమ్మోనియా. చేపల మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. చల్లటి నీళ్లలో ఆ బ్యాక్టీరియా బద్ధకంగా పనిచేస్తాయి. కొత్త తొట్టిలో అసలు ఉండనే ఉండవు. అందుకని తొట్టిలో పెట్టబోయే స్పాంజ్ ఫిల్టర్‌ని జులై నుంచే కొలనులో నడుపుతాను. అక్టోబరుకి అది బురదరంగుకి మారి, బ్యాక్టీరియాతో నిండి ఉంటుంది. ఆ మురికి చూసి ముచ్చటపడి కుళాయి కింద కడిగారో, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చచ్చి మొదటికొస్తుంది. తొట్టిలోని నీళ్లే బకెట్‌లోకి తీసి, అందులో రెండుసార్లు పిండితే చాలు.

ఆ పిండిన గోధుమరంగు నీళ్లు ఎక్కడికి పోతాయనుకున్నారు? పక్కనే గ్రో లైట్ కింద కుండీలో ఉన్న కరివేపాకు మొక్కకి. మిన్నెసోటాలో ప్రతి తెలుగింటి బేస్‌మెంట్‌లోనూ చలికాలం ఒక కరివేపాకు మొక్క ఆకులు రాల్చుకుంటూ దీనంగా నిలబడి ఉంటుంది. మాది రాల్చదు. ఈ తొట్టి వల్ల కలిగిన లాభాల్లో నా లెక్కలో ఇదే మొదటిది.

నీళ్ల పరీక్షకి ఏపీఐ అనే కంపెనీవాళ్ల సీసాల కిట్ వాడతాను, కాగితం పట్టీల కంటే నమ్మకం. అమ్మోనియాకి గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీళ్లు, మొదటి సీసాలోంచి 8 చుక్కలు, రెండో సీసాలోంచి 8 చుక్కలు, ఊపి 5 నిమిషాలు ఆగాలి. పసుపుగా ఉంటే నిశ్చింత. ఆకుపచ్చ తిరిగితే ఆ రోజే పాతిక గ్యాలన్లు మార్చాలి. ట్యూబ్‌లైటు వెలుతురులో పసుపు కూడా ఆకుపచ్చగానే కనిపిస్తుంది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి తెల్లకార్డు మీద పెట్టి చూడండి. కొత్త నీళ్లలో క్లోరిన్ పోవడానికి సీకెమ్ ప్రైమ్ అనే మందు, 50 గ్యాలన్లకి 5 మిల్లీలీటర్లు. ఇక్కడ ఇళ్లలో వాటర్ సాఫ్ట్‌నర్, అంటే నీళ్ల కాఠిన్యాన్ని ఉప్పుతో తగ్గించే యంత్రం, ఉంటుంది కాబట్టి, దాని గుండా వెళ్లని కుళాయి ఏదో చూసుకుని అక్కడి నీళ్లు పట్టండి. మాకు అది పెరటి కుళాయికి వెళ్లే గొట్టం.

చేపల్ని లోపలికి తేవడం కొలను నీళ్లు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే 10 సెల్సియస్‌కి, దగ్గరపడుతున్నప్పుడు. అక్టోబరు మొదట్లోనే ఆ రోజు వచ్చేస్తుంది. ముందు కొలను నీళ్లు సగం తోడి తొట్టిలో పోస్తాం. నీళ్లు మోకాలి కిందికి దిగాక చేపలు ఎక్కడికీ పోలేవు. వలతో ఎత్తితే పొలుసులు ఊడతాయి, అందుకని వలతో తరిమి ప్లాస్టిక్ బేసిన్‌లోకి మళ్లించి నీళ్లతో సహా ఎత్తడం నయం. మొదటి వారం తొట్టి మీద వల కప్పి బిగించాలి. కొత్త చోటని ఎగురుతాయి, రాత్రి ఎగిరి నేల మీద పడితే చూసేవాళ్లుండరు. పంపు వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా వదలండి, వైరు పట్టుకుని జారే నీటిబొట్టు ప్లగ్గులోకి పోకుండా కింద రాలిపోతుంది.

తొట్టి ఉన్నది హీటు పెద్దగా తగలని స్టోర్ గదిలో, బయటిగోడ పక్కన. నీళ్లు 55 ఫారెన్‌హీట్ దగ్గర, 13 సెల్సియస్ అనుకోండి, చలికాలమంతా నిలకడగా ఉంటాయి. ఆ చల్లదనంలో చేపలకి ఆకలి తక్కువ, వారానికి ఒకటి రెండుసార్లు తేలిగ్గా అరిగే వీట్ జెర్మ్ మేత నాలుగు గింజలు చాలు. మా అత్తగారు వచ్చినప్పుడు మాత్రం “పాపం, మొహాలు చిన్నబోయాయే” అని చాటుగా అన్నం మెతుకులు వేస్తారు. టెస్ట్ కిట్ ఆ సంగతి మర్నాడే చెప్పేస్తుంది.

ఇక మొక్కలు. తొట్టి చేపలకి ఎంత బాగుందో మొక్కలకి అంత కాదు, ఆశలు పెట్టుకోకండి. చలికి తట్టుకునే కలువలకి ఆకులు కత్తిరించి కుండీతో సహా తొట్టి అడుగున దించొచ్చు, బతుకుతాయి. కానీ 55 డిగ్రీలంటే వాటికి పూర్తి నిద్ర పట్టదు, ఫిబ్రవరిలో సన్నటి పాలిపోయిన ఆకులు వేస్తాయి. అవి కనిపిస్తే తుంచేస్తాను. ఉష్ణమండలపు నీలి కలువలకి తొట్టి పనికిరాదు. వాటి కింద అక్రోటు కాయంత దుంపలు ఊరతాయి, వాటిని తడి ఇసుకలో సంచీలో కట్టి గది మూల పెట్టాలి. తామర దుంప గురించి ఒక్కటే మాట. దాని మొలక కొన విరిగితే ఆ దుంప పోయినట్టే, కాబట్టి కుండీలోంచి తీయకుండా, పైన నీళ్లుండేలా, గడ్డకట్టని చల్లటి చోట అలాగే ఉంచేయండి. నేను పెంచే గులాబీ రంగు తామర మేపుల్ గ్రోవ్‌లో గుడికి తీసుకెళ్లడానికి, అందుకే దాని మీద అంత ప్రాణం.

గట్టున చేమ ఉంది. ఎలిఫెంట్ ఇయర్ పేరుతో ఇక్కడ అలంకారానికి అమ్ముతారు. మొదటి మంచుకి ఆకు నల్లబడగానే దుంప తవ్వి, ఆరబెట్టి, పేపరు సంచీలో పెట్టేయడమే. వస మొక్కకి అదీ అక్కర్లేదు, మన చంటిపిల్లలకి అరగదీసి నాకించే వసే, స్వీట్ ఫ్లాగ్ పేరుతో దొరుకుతుంది. దాన్ని మంచు కింద వదిలేసినా మే నెలలో కత్తుల్లాంటి ఆకులతో లేచి నిలబడుతుంది.

గుర్రపుడెక్క కోసం మాత్రం బేస్‌మెంట్‌లో చోటు దండగ. అవును, మన కాలవలకి అడ్డంపడి నీళ్లు పారనివ్వని ఆ గుర్రపుడెక్కే. వసంతంలో ఇక్కడ దాన్ని మొక్కకి ఇన్ని డాలర్లని అమ్ముతారు, నేను కొంటాను. అమ్మకి వీడియోకాల్‌లో చూపిస్తే, “డబ్బులిచ్చి కొన్నావా? ఏ లాకుల దగ్గరైనా నుంచో, వద్దన్నా లారీకెత్తుతారు” అంది. దానికి వెచ్చదనం కావాలి, రోజుకి 12 గంటలకి పైగా గట్టి వెలుతురు కావాలి. చల్లటి తొట్టిలో క్రిస్మస్‌కల్లా పసుపు తిరిగి కుళ్లుతుంది, ఆ కుళ్లు మళ్లీ అమ్మోనియా. నీళ్ల మీద తేలే అంతర తామరదీ (వాటర్ లెట్యూస్) ఇదే కథ. రెండింటినీ చలి ముదరకముందే తీసి కంపోస్టులో వేసి, వసంతంలో కొత్తవి కొనుక్కోవడం చవక. సరస్సులో మాత్రం పడేయకండి. చేపల్నీ అంతే. 2021 జులైలో బర్న్స్‌విల్‌లో కెల్లర్ లేక్‌లో ఎవరో వదిలిన గోల్డ్‌ఫిష్ ఫుట్‌బాల్ సైజుకి పెరిగి బయటపడితే, దయచేసి వదలకండి అని నగరంవాళ్లు ఫొటోలతో సహా చెప్పాల్సొచ్చింది. ఈ రాష్ట్రంలో అది చట్టప్రకారం నేరం కూడా.

తొట్టి బదులు చేపల్ని చలికాలం చూసిపెట్టే సర్వీసు కూడా ఉంది. మా దగ్గర్లో ఒక పాండ్ షాపువాళ్లు చేపకి ఇంతని తీసుకుంటారు, మొక్కల్ని తీసుకోరు. రెండు చలికాలాల ఫీజులో ఈ తొట్టి, పంపు, కిట్ అన్నీ వచ్చేస్తాయి. ఎక్కువ ప్రయాణాల్లో ఉండేవాళ్లు, సంక్రాంతికి ఇండియా వెళ్లి నెల ఉండేవాళ్లు మాత్రం ఆ సర్వీసే వాడుకోండి. మేత లేకపోయినా చల్లటి నీళ్లలో చేపలకి ఇబ్బంది లేదు గానీ, కరెంటు పోయి పంపు ఆగితే చూడ్డానికి మనిషి ఉండాలి.

ఇంకొక్క మాట, ఇది గోల్డ్‌ఫిష్‌ల సంగతి. అరచేయంత చేపలు ఓ ఆరేడు ఉంటే 100 గ్యాలన్లు సరిపోతుంది. కోయి అనే అలంకారపు కార్ప్ చేపలు పెంచేవాళ్లు మాత్రం ఈ సైజు కొనకండి. అవి రెండడుగుల దాకా పెరిగే చేపలు, ఇందులో వెనక్కి తిరగడానికే చోటు చాలదు. ఇదే రకంలో 300 గ్యాలన్లది ఉంది. కాకపోతే అది బేస్‌మెంట్ మెట్ల మలుపులో పడుతుందో లేదో ముందు టేపు పెట్టి కొలుచుకుని వెళ్లండి.