ఎనిమిదేళ్లుగా అదే రొట్టె: వింటర్‌టూర్‌లో మా వీధి చివరి బేకరీ

మేముండేది స్విట్జర్లాండ్‌లో, జ్యూరిక్ దగ్గరున్న వింటర్‌టూర్‌లో. జ్యూరిక్ చూడ్డానికి వచ్చిన చుట్టాలను మా వీధి చివర బేకరీకి తీసుకెళితే, నేరుగా అద్దాల వెనకున్న కేకుల దగ్గరికే వెళ్లి ఫొటోలు తీస్తారు. వారానికి మూడుసార్లు చొప్పున ఎనిమిదేళ్లుగా అక్కడికి వెళ్తున్నవాడిగా చెబుతున్నాను, ఆ కేకులు మామూలుగానే ఉంటాయి. కొనాల్సింది వెనక చెక్క అరల్లో ఉంటుంది. చూడ్డానికి మాడిపోయినట్టు కనిపించే రూఖ్‌బ్రోట్ అనే రొట్టె.

బేకరీ ఒకే కుటుంబానిది. పెద్దాయన, అల్లుడు లోపల ఓవెన్ దగ్గర ఉంటారు, కూతురు కౌంటర్ చూసుకుంటుంది. ఆఫీసు పనిమీద రాత్రంతా మేలుకున్న రోజుల్లో, మూడింటికి వీధిలో వెలిగే దీపం వాళ్లదొక్కటే.

మొదటిరోజే అక్కడ నాకో పాఠం అయింది. మన అలవాటు ప్రకారం తలుపు తోసుకుని వెళ్లి "ఆ రొట్టె ఒకటి" అన్నాను. ఆవిడ నవ్వుతూ, నెమ్మదిగా "గ్రూట్సి" అని ఆగింది. రొట్టె మీద చెయ్యి కూడా వేయలేదు. అర్థమై నేనూ "గ్రూట్సి" అన్నాకే పని కదిలింది. పలకరించకుండా బేరంలోకి దిగడం ఇక్కడ మర్యాద కాదు. ఇప్పుడైతే షాపులో జనం ఉంటే అందరికీ కలిపి "గ్రూట్సి మితెనాండ్" అని లోపలికి వెళ్తున్నాను.

ఇక రొట్టె సంగతి. రూఖ్ అంటే గరుకు. తెల్లపిండి కొంత తీసేశాక మిగిలే పిండితో చేస్తారు, అందులో గింజ పైపొర కొంత ఉంటుంది. పూర్తి గోధుమ రొట్టె కాదు, మైదా రొట్టె కాదు, మధ్యలోది. అప్పుడే తెచ్చింది కోస్తే పెనం మీద చపాతీ పొంగినప్పటి వాసన వస్తుంది. పిండిలో కొంత భాగాన్ని ముందురోజే కలిపి చల్లటిచోట పులియబెడతామని అల్లుడుగారు ఒకసారి చెప్పారు. దోసె పిండి రాత్రే రుబ్బి పెట్టుకునే మనకు వేరే వివరణ అక్కర్లేదు. అందుకే కాబోలు, మూడోరోజుకీ పనికొస్తుంది. మొదటిరోజు వెన్నతో, రెండోరోజు పెనం మీద కాస్త నెయ్యి వేసి కాల్చుకుని, మూడోరోజు ఆవాలు, కరివేపాకు, పచ్చిమిర్చి తాలింపుతో బ్రెడ్ ఉప్మా. మెత్తటి శాండ్‌విచ్ బ్రెడ్‌తో చేస్తే ముద్దయిపోయే ఉప్మా, దీంతో పలుకులు పలుకులుగా వస్తుంది. ఇద్దరే ఉంటే సగం అడగండి, మొహమాటం లేకుండా కోసి ఇస్తారు.

ఆదివారం ఇక్కడ మామూలు షాపులన్నీ మూతే, బేకరీకి మాత్రం పొద్దున్న క్యూ ఉంటుంది. అదంతా త్సోప్ఫ్ కోసం. పాలు, వెన్న వేసి చేసే తెల్ల రొట్టె, తియ్యగా ఉండదు. త్సోప్ఫ్ అంటే జర్మన్‌లో జడ అని అర్థం. మా అమ్మ వచ్చినప్పుడు దాన్ని తిప్పి తిప్పి చూసి "ఇదేం జడరా, రెండు పాయలే ఉన్నాయి" అంది. నిజమే, రెండు పాయలను అడ్డంగా ఒకదానిమీద ఒకటి వేసి అల్లుతారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేసింది: "పైన ఆ మెరుపేమిటి, గుడ్డా?"

కౌంటర్‌లో అడిగాను. వాళ్ల పిండిలో గుడ్డు లేదట, పైపూత మాత్రం పచ్చసొన. శుక్రవారం లోపు చెబితే పాలు రాసి విడిగా కాల్చి ఇస్తామన్నారు. అమ్మ ఉన్న మూడు ఆదివారాలూ నా పేరు రాసిన చీటీతో ఒక త్సోప్ఫ్ పక్కన పెట్టి ఉంచారు. పాలిపోయిన దాని రంగు చూసి "తలకు నూనె రాయని జడలా ఉంది" అంటూనే పావు వంతు తినేసింది.

పండగలకు ఒక్కోదానికి ఒక్కో రొట్టె. డిసెంబర్ 6న సెయింట్ నికోలస్ పండగకు మనిషి ఆకారంలో గ్రిట్టిబెంట్స్, ఆగస్టు 1 జాతీయ దినానికి చిన్న జెండా గుచ్చిన బన్ను. జనవరి 6న, బాల యేసును చూడ్డానికి వచ్చిన ముగ్గురు రాజుల పేరుతో ఒక కేక్ వస్తుంది. పువ్వు రేకుల్లా ఉండలు అతికించి చేస్తారు, ఒక ఉండలో చిన్న ప్లాస్టిక్ రాజు బొమ్మ ఉంటుంది. ఎవరికి దొరికితే వాళ్లకు కాగితం కిరీటం, ఆ రోజంతా వాళ్లదే రాజ్యం. మా అబ్బాయి ఏ ఉండలో ఉందో కనిపెట్టాలని వేలితో అన్నింటినీ నొక్కుతాడు కాబట్టి, మా ఇంట్లో నలిగిన ఉండలు తినేది నేనే.

లోపాలు లేకపోలేదు. రూఖ్‌బ్రోట్ అర కిలో దాదాపు 4 ఫ్రాంకులు. సూపర్‌మార్కెట్‌లో ఆ బరువు రొట్టె ఇందులో సగం కన్నా తక్కువకే వస్తుంది. కాఫీ నీళ్లలా ఉంటుంది. సాయంత్రం ఐదు దాటాక వెళితే ఖాళీ అరలే. శాండ్‌విచ్‌లలో ఎక్కువ భాగం పంది మాంసంవే. ఒక శుక్రవారం ఉల్లిపాయ వేహె, అంటే పలచటి పిండిపళ్లెంలో కూర పోసి కాల్చేది, శాకాహారమే కదా అని అడగకుండా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ రెండో ముక్క కొరికాక ఆగి, నోట్లోంచి చిన్న గులాబీరంగు తునక తీసి పళ్లెం అంచున పెట్టింది. పంది మాంసం ముక్క. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఇక్కడ ఉల్లిపాయ వేహెలో అది వేయడం మామూలేనట, అడగకపోవడం నా తప్పే. కానీ చీటీ మీద ఒక ముక్క రాసి పెట్టొచ్చుగా? 2024 నుంచి రొట్టె ఏ దేశంలో తయారైందో రాసి పెట్టాలన్న నిబంధన వచ్చింది, అది మాత్రం గోడమీద చక్కగా అంటించారు. చీజ్ వేహె, రేగుపండులా పుల్లగా ఉండే ప్లమ్ వేహెలలో గుడ్డు ఉండొచ్చు కానీ మామూలుగా మాంసం ఉండదు. అయినా అడిగే కొనండి.

అన్నింటికన్నా పెద్ద ఇబ్బంది వేసవి సెలవులు. సోమవారం ఎలాగూ మూతే. పైగా జులైలో మూడు వారాలు కుటుంబమంతా కలిసి వెళ్లిపోతారు. మొదట్లో ఒళ్లు మండేది, వ్యాపారం ఇలా చేస్తారా అని. ఇప్పుడు తలుపు మీద చీటీ కనపడగానే నాలుగు రొట్టెలు కొని, కోయించి, ఫ్రీజర్‌లో పెట్టేస్తున్నాను. నిన్ననే ఈ ఏటి చీటీ అంటించారు. ఫ్రీజర్‌లో గోంగూర డబ్బాలు తీస్తే తప్ప చోటు లేదు.