మతిమరుపు ముప్పు: కాఫీనా, టీయా?

ఫిన్లాండ్‌లో సుమారు 1,400 మందిని సగటున 21 ఏళ్లు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, నడివయసులో రోజుకు 3 నుంచి 5 కప్పుల కాఫీ తాగినవారికి, 2 కప్పులకు మించనివారితో పోలిస్తే, అల్జీమర్స్‌తో సహా డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) ముప్పు దాదాపు 65 శాతం తక్కువగా కనిపించింది. టీకి అలాంటి సంబంధం కనబడలేదు. అయితే అక్కడ టీ తాగేవారే తక్కువ గనుక దాన్ని టీ లోపంగా నేను లెక్కించను. మెదడులో నిద్రమత్తు కలిగించే అడినోసిన్ అనే రసాయనం అతుక్కునే గ్రాహకాలను అడ్డుకునే కెఫీన్ రెండింటిలోనూ ఉంది, కాఫీలో సాధారణంగా రెట్టింపు. అలాగని ఫిల్టరులో చుక్కచుక్కగా దిగిన చిక్కటి డికాక్షన్‌ను రోజంతా తాగకూడదు: బ్రిటన్‌లో 2021 నాటి పరిశీలనలో 6 కప్పులు దాటినవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించింది. ఇవేవీ కారణాన్ని రుజువు చేయవు కాబట్టి, అమ్మకు అలవాటైన సాయంత్రం టీని మాన్పించి కాఫీ ఇవ్వను.