తిరుపతి నుంచి పొగ ఓడల జాడ కోసం: చెన్నైకి ఒక రోజు, విశాఖకు రెండు

ప్రయాణికుల ఓడల్ని యుద్ధానికి లాక్కున్న కాలపు జాడలు చూడాలంటే మనకు దగ్గర చెన్నై. బస్సులు చాలావరకు మాధవరంలోనే దింపేస్తాయి, అక్కడి నుంచి ఊళ్లోకి ఇంకో ప్రయాణం. పొద్దున్నే గరుడాద్రి రైలెక్కి సెంట్రల్‌లో దిగడమే మేలు. మెట్రోలో తర్వాతి స్టేషనే హైకోర్టు.

కోర్టు ఆవరణ తూర్పు వైపున, జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ దాడిని గుర్తుచేసే ఫలకం ఉంది. పనిరోజుల్లో తనిఖీ ఉంటుంది, గుర్తింపు కార్డు ఉంచుకోండి. చూడడం పది నిమిషాల పనే. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఆ నౌక ఇక్కడి చమురు ట్యాంకులకు నిప్పంటించింది. తమిళంలో గట్టివాణ్ణి ఇప్పటికీ 'ఎమ్డన్' అంటారు.

ఎమ్డెన్ పుట్టుకతోనే యుద్ధనౌక. అసలు సంగతి అది వేటాడిన ఓడల్లో ఉంది. సెప్టెంబరు 10న బంగాళాఖాతంలో ముంచిన ఇండస్, సైన్యం కోసం సర్కారు కిరాయికి తీసుకున్న స్టీమరు. గుర్రాలకు కొట్టాలు కూడా కట్టేశారు. జర్మన్లకు దాంట్లో దొరికిన సబ్బులు చాలా రోజులకు సరిపోయాయట! బొగ్గు ఓడ పొంటొపొరోస్‌ను మాత్రం ముంచకుండా వెంట తిప్పుకున్నారు. అయితే అందులోది మన దేశపు బొగ్గు: పొగ దట్టం, మసి ఎక్కువ, దూరం నుంచే ఓడను పట్టిస్తుంది. తర్వాత చిక్కిన బురెస్క్‌లో 6,600 టన్నుల వేల్స్ బొగ్గు దొరికాక గానీ వాళ్ల బాధ తీరలేదు.

ప్రయాణికుల ఓడకు ఫిరంగులు బిగించినంత మాత్రాన యుద్ధనౌక కాదు. కాల్చినప్పటి వెనకతన్నుకు డెక్కు ఆగదు, కింద స్తంభాలు నిలపాలి. పక్కలకు కవచం ఉండదు, అవి ఎత్తుగా ఉండడంతో శత్రువు గురిపెట్టడానికి సులువు. 8 ఆరంగుళాల ఫిరంగులు బిగించిన బ్రిటిష్ ప్రయాణికుల ఓడ రావల్పిండిని 1939 నవంబరు 23న రెండు పెద్ద జర్మన్ నౌకలు ముంచేశాయి.

హైకోర్టు పక్కనే సెయింట్ జార్జి కోటలోని మ్యూజియంకు శుక్రవారం సెలవు. రాత్రి ఉండాలంటే సెంట్రల్ ఎదుట పెరియమేడు లాడ్జీలు చవక. రోడ్డు వైపు గది వద్దనండి, ఖాళీ చేసే సమయం 24 గంటలకా, మధ్యాహ్నానికా అని ముందే తేల్చుకోండి.

విశాఖకు తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి. బీచ్ రోడ్డులోని కురుసుర బాగుంటుంది, సోమవారం మూసేస్తారు, కానీ అది జలాంతర్గామి, మన విషయానికి దూరం. మనకు కావాల్సింది సింధియా అనే ఓడల కంపెనీ పేరు. ఆ కంపెనీ తొలి ఓడ లాయల్టీ, 1891 నాటి ఎంప్రెస్ ఆఫ్ ఇండియాయే. 1914లో గ్వాలియర్ మహారాజు కొని సైనికుల ఆసుపత్రి ఓడ చేయించాడు. 1919 ఏప్రిల్ 5న అదే ఓడ బొంబాయి నుంచి లండన్‌కు బయల్దేరింది. విశాఖలో ఆ కంపెనీ కట్టిన జల ఉష 1948లో నీళ్లలోకి దిగింది. ఓడలు కట్టే ఆ యార్డులోకి బయటివాళ్లను రానివ్వరు కాబట్టి, దాని కోసమే అంత దూరం వెళ్లడం దండగ.