కాగితాల్లేని పాత కారు: డూప్లికేట్ ఆర్సీ, వారసుల బదిలీ, వేలం, కోర్టు – ఏది మేలు?

"కారు బాగుందండీ, కాగితాలే లేవు, నా పేరు మీదికి ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. ఒకరిది పెదనాన్నగారి షెడ్డులో ఏళ్లుగా నిలబడిపోయిన మారుతి 800. ఇంకొకరిది నాలుగు చేతులు మారి వచ్చిన ప్రీమియర్ పద్మిని. మరొకరికి ఎవరో అంబాసిడర్‌ని తుక్కు ధరకి ఇస్తామన్నారట. సి-బుక్ (ఆర్సీ) ఏదీ అంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు, ఇల్లు మారినప్పుడు పోయిందనో, ఫైనాన్స్ వాళ్ల దగ్గరే ఉండిపోయిందనో.

దారులు నాలుగైదున్నాయి. వాటిలో ఏది చవక, ఏది త్వరగా అవుతుంది అని అందరూ అక్కడినుంచి మొదలుపెడతారు గానీ, నా లెక్కలో అది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఆర్టీఏ రికార్డులో ఆ కారు ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి దొరుకుతాడా, సంతకం పెడతాడా. ఫీజులు, ఫారాలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర చెకింగ్ ఇవన్నీ దాని తర్వాతే. ఆ మనిషి దొరికితే పని సగం అయిపోయినట్టే, దొరక్కపోతే ఎంత డబ్బు పోసినా ఫైలు కదలదు.

కాబట్టి ముందు రికార్డు తీయించండి. నంబర్ ప్లేటు ఉంటే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడొచ్చు కానీ అందులో ఓనరు పేరు పూర్తిగా కనబడదు. అసలు పనికొచ్చేది ఆ నంబరు ఇచ్చిన ఆర్టీఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టి తీసుకునే బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్. ఓనరు పేరు, అడ్రసు, చాసీ నంబరు, ఇంజన్ నంబరు, అప్పు ఏ బ్యాంకుదో అన్నీ అందులో ఉంటాయి. అది పట్టుకుని కారు దగ్గరికి వెళ్లి చాసీ మీద కొట్టిన నంబరును పెన్సిల్‌తో అచ్చు తీసి పోల్చి చూసుకోండి, ఒక్క అంకె తేడా ఉన్నా అక్కడితో వదిలేయండి. దొంగ బండేమో అన్న అనుమానం ఉంటే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ సేవలో చాసీ, ఇంజన్ నంబర్లు ఇచ్చి చూసుకోవచ్చు, పోయిన బండ్ల జాబితాలో లేదని కాగితం కూడా వస్తుంది.

ఇక్కడ మన రెండు రాష్ట్రాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఏపీ-09 అంటే హైదరాబాద్, ఏపీ-28 అంటే రంగారెడ్డి. ప్లేటు మీద ఏపీ అని ఉంది కదా అని విజయవాడలో అడిగితే లాభం లేదు, 2014 జూన్ 2 తర్వాత అది అక్కడ వేరే రాష్ట్రం బండి కిందే లెక్క. రికార్డు తెలంగాణలో ఆ నంబరు ఇచ్చిన ఆఫీసులోనే తీయించాలి, అక్కడే ఫారం 28 మీద ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని ఆంధ్రాలో కొత్త నంబరు వేయించుకోవాలి. లైఫ్ టాక్స్ మళ్లీ ఎంత పడుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోండి. ఇక 1989కి ముందు నాటి పాత సీరీస్ బండ్లయితే రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కిందో లేదో చూసుకోవాలి, ఎక్కకపోతే పాత రిజిస్టర్ పుస్తకం వెతికించి ఎక్కించేదాకా మిగతా పనేదీ మొదలవదు.

సరే, ఓనరు బతికే ఉన్నాడు, ఎక్కడున్నాడో తెలిసింది అనుకుందాం. నన్నడిగితే ఇంక వేరే దారి చూడనే వద్దు. ఆయన పేరు మీదే డూప్లికేట్ ఆర్సీ తీయించి, తర్వాత మీ పేరుకి ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. డూప్లికేట్‌కి ఫారం 26, ఆర్సీ పోయిందని పోలీసుల దగ్గర తీసుకున్న రిపోర్టు కావాలి, ట్రాన్స్‌ఫర్‌కి 29, 30 ఫారాలు. డూప్లికేట్‌కి దరఖాస్తు పెట్టే హక్కు రికార్డులో పేరున్న ఓనరుదే, కొన్నవాడిది కాదు. చాలామంది ఇది తెలియక కొనేసి, తర్వాత తామే వెళ్లి "పోయింది" అని కంప్లయింట్ ఇస్తామంటారు. మీది కాని ఆర్సీ పోయిందని మీరెలా చెబుతారు?

కారు నాలుగు చేతులు మారినా రికార్డులో పేరు మొదటివాడిదే ఉంటే మీకు కావాల్సింది ఆ మొదటివాడి సంతకమే. మధ్యలో ఉన్న ముగ్గురూ రాసుకున్న అమ్మకం కాగితాలు డబ్బు చెల్లించారనడానికి సాక్ష్యంగా దాచుకోండి, ఆర్టీఏ కౌంటర్లో వాటి బలం తక్కువ. అలాగే "సంతకం పెట్టిన 29, 30 ఫారాలు ఉన్నాయి కదా" అని ధైర్యంగా ఉండొద్దు. ఎప్పుడో పెట్టిన సంతకం ఇప్పటి సంతకంతో కలవకపోవచ్చు, పైగా ఇప్పుడు చాలా సేవలు ఆధార్ ఓటీపీతో నడుస్తున్నాయి, ఆ ఓటీపీ వచ్చేది పాత ఓనరు ఫోనుకి.

మరి ఎప్పుడో అమ్మేసిన మనిషి ఇప్పుడు వచ్చి సంతకం ఎందుకు పెడతాడు? బతిమాలక్కర్లేదు, ఉన్న విషయం చెప్పండి చాలు. అమ్మేసినా సరే రికార్డులో పేరు మారనంతవరకు ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆ పేరున్నవాడిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. అంటే ఎవరో తోలే కారుకి ఇన్సూరెన్స్ లేక ఏదైనా జరిగితే నోటీసు వచ్చేది ఆయన ఇంటికి. చలాన్లు కూడా అంతే. ఈ సంగతి అర్థమైతే మనకంటే ఆయనకే తొందర పుడుతుంది. నాకు తెలిసిన ఒకాయన మొదట ఫోన్ ఎత్తేవాడే కాదు, ఈ తీర్పు గురించి వాట్సాప్‌లో పెట్టాక ఆయనే స్లాట్ ఎప్పుడు బుక్ చేశారని అడిగాడు.

ఈ దారిలో తలనొప్పి ఎక్కడంటే రెండు చోట్ల. ఒకటి ఫైనాన్స్. అప్పు ఎప్పుడో తీరినా ఆర్సీలో హెచ్‌పీ (బండి మీద అప్పు ఉందనే నమోదు) అలాగే ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 ఇచ్చి తీయించాలి, డూప్లికేట్ ఫారంలో కూడా ఆ బ్యాంకు సమ్మతి అడుగుతారు. ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే ఇప్పుడు యూనియన్ బ్యాంక్‌కి వెళ్లాలి, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయితే ఎస్‌బీఐ, సిండికేట్ అయితే కెనరా. బ్యాంకులైతే ఫర్వాలేదు, ఎక్కడో ఒకచోట వారసుడున్నాడు. మూతపడ్డ ఊరి ఫైనాన్స్ కంపెనీ పేరు కనబడితే మాత్రం ఆ కారు మీద ఆశ తగ్గించుకోండి, నేను చూసినంతలో ఎక్కువ ఫైళ్లు ఆగేది అక్కడే.

రెండోది వయసు. ఆర్సీ 15 ఏళ్లకి, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. గడువు తీరిన ఆర్సీ మీద ట్రాన్స్‌ఫర్ అవదు, ముందు రెన్యువల్‌కి ఫారం 25, బండి తీసుకెళ్లి చూపించడం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ ఇవన్నీ అవ్వాలి. కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనపు రుసుము కూడా రూల్లో ఉంది, షెడ్డులో నిలబెట్టిన బండికి అది మొత్తం ఎంత అవుతుందో ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి, కారు ధరని దాటినా ఆశ్చర్యం లేదు.

ఓనరు చనిపోయి ఉంటే వారసుల దారి. ఫారం 31, మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులు తమకు అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు. రూల్ ప్రకారం చనిపోయిన 30 రోజుల్లో తెలియజేసి మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి, మనవాళ్లలో అలా పెట్టినవాళ్లని నేను చూడలేదు, ఆలస్యమైతే జరిమానా కట్టి నడిపించుకోవచ్చు. మా బాబాయిగారి మారుతిని ఈ మధ్య ఈ దారిలోనే పిన్ని పేరుకి తెచ్చాం. కాగితాలకైన ఖర్చు పెద్దగా లేదు, ఆలస్యమంతా డల్లాస్‌లో ఉన్న తమ్ముడి అఫిడవిట్‌ది, అది అక్కడ కాన్సులేట్ ద్వారా చేయించి పంపాలి. మీరు బయటివాళ్లయి కొంటుంటే ముందు ఒక వారసుడి పేరుకి మారి, ఆ తర్వాత మీ పేరుకి రావాలి. "మా నాన్నగారి కారేనండీ, నేనే అమ్ముతున్నా" అన్నవాడికి అక్కచెల్లెళ్లు ఎంతమందో అడగండి, ఆ సంతకాలన్నీ వచ్చాకే డబ్బు ఇవ్వండి.

వేలం గురించి ఆశలు ఎక్కువ. హైదరాబాద్ చుట్టుపక్కల పోలీసులు ఎవరూ రాని బండ్ల జాబితా ప్రకటించి, ఆరు నెలల గడువు ఇచ్చి, తర్వాత వేలం వేయడం మామూలే. వేలంలో కొన్న కారుకి పాత ఓనరు సంతకం అక్కర్లేదు, వేలం అధికారి ఇచ్చిన సర్టిఫికెట్‌తో 30 రోజుల్లో ఫారం 32 పెడితే సరి. హక్కు విషయంలో ఇంత శుభ్రమైన దారి లేదు. కానీ వేలం షరతులు చదవకుండా చెయ్యెత్తొద్దు, స్క్రాప్ కింద అమ్మిన బండికి మళ్లీ ఆర్సీ రాదు. ఇంకో సంగతి, వేలంలో మీకు దొరికినది కొనుక్కుంటారు, షెడ్డులో ఉన్న మీ పెదనాన్న కారుకి ఇది దారి కాదు.

గ్యారేజీ వాళ్లు కూడా అడుగుతుంటారు, రిపేరుకిచ్చి మూడేళ్లుగా రాలేదు, బండి మాది చేసుకోవచ్చా అని. చేసుకోకూడదు. బిల్లు కట్టేదాకా బండిని పట్టుకునే హక్కు కాంట్రాక్ట్ చట్టం ఇస్తుంది, అమ్ముకునే హక్కు ఇవ్వదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు టెక్సాస్‌లో బాండ్ కడితే టైటిల్ ఇస్తారు కదా అంటారు. నిజమే, కారు విలువకి ఒకటిన్నర రెట్లు బాండ్ పెడితే అక్కడ బాండెడ్ టైటిల్ వస్తుంది. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు.

ఓనరు అసలు దొరకలేదు, కారు మాత్రం వదలబుద్ధి కావట్లేదు అంటే కోర్టు. కారు నాదేనని ప్రకటించమని సివిల్ దావా వేయాలి, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 34 కింద. రికార్డులో ఉన్న ఓనర్నీ, రవాణా శాఖనీ పార్టీలుగా చేర్చాలి, ప్రభుత్వానికి మామూలుగా రెండు నెలల ముందు నోటీసు. డబ్బు కట్టిన రుజువు కావాలి. ఏళ్లు పడుతుంది, లాయరు ఫీజు మారుతి 800 ధరని దాటుతుంది, కాబట్టి ఇది విలువైన పాత బండ్లకే.

వింటేజ్ రిజిస్ట్రేషన్‌తో తప్పించుకోవచ్చా అనేది ఇంకో ప్రశ్న. 2021 రూల్స్ ప్రకారం అది మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని బండ్లకే. ఫీజు 20,000, నంబర్లో వీఏ అక్షరాలు, పదేళ్లకి చెల్లుతుంది, రోజువారీ తిరగడానికి పనికిరాదు. పైగా దేశంలో ముందే రిజిస్టర్ అయిన బండికి పాత ఆర్సీ అడుగుతారు. మారుతి 800 మొదలైందే 1983 చివర్లో, దాని వంతు ఇంకా రాలేదు.

ఏజెంట్ "నలభై వేలివ్వండి, ఆర్సీ నేను పుట్టిస్తా" అంటే అది తుక్కులోకి పోయిన మరో కారు నంబరు తెచ్చి మీ చాసీ మీద కొట్టించడమే. ఫోర్జరీ కేసు మీ మీదా పడుతుంది.

స్క్రాప్ సంగతి క్లుప్తంగా. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ వస్తుంది, దాంతో కొత్త సొంత కారు టాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రూల్. మీ రాష్ట్రంలో ఎంత ఇస్తున్నారో ఆర్టీఏలో అడగండి. అక్కడ కూడా ముందు చూసేది బండి ఎవరి పేరు మీద ఉందనే, ఓనరు లేకపోతే వారసుల కాగితాలే అడుగుతారు.