గింజా, సువా, షిజుకుయిషి: జపాన్ వాచీల దారిలో

టోక్యో వెళ్లి సీకో కంపెనీవారి ఖరీదైన శ్రేణి, గ్రాండ్ సీకో వాచీ కొనాలనుకునేవారికి ముందే ఒక మాట. దుకాణం దగ్గరే ఆగిపోకండి. వీలుంటే రైలెక్కి ఈ వాచీలు పుట్టిన సువాకో, ఇప్పుడు తయారయ్యే షిజుకుయిషికో వెళ్లండి. రెండింటికీ తీరిక లేకపోతే షిజుకుయిషి చాలు.

టోక్యోలోని దుకాణాల పేట గింజాలో, 4-చోమె (నాలుగో బ్లాకు) కూడలిలో 1932లో కట్టిన గడియారపు గోపురం భవనం ఉంది. దాని పేరు ఇప్పుడు సీకో హౌస్. లోపల మర్యాదకు లోటు లేదు. కొనేలా కనిపించని మాకు కూడా మెత్తటి పళ్లెంలో వాచీలు పెట్టి, తొందరపెట్టకుండా చూపించారు. నాకు నచ్చనిది అక్కడి వెలుతురు. నెత్తిమీద అన్ని దీపాలుంటే చవక వాచీ కూడా మెరుస్తుంది, మంచి వాచీ ప్రత్యేకత తెలియదు. ఈ వాచీల రూపానికి సూత్రాలు పుట్టింది కూడా ఇదే భవనంలోని అద్దాల బీరువా ముందేనట. పక్కనున్న స్విస్ వాచీల తళుకు ముందు సీకోలు వెలవెలబోవడం గమనించి, డిజైనర్ తారో తనాకా 1960లలో కొన్ని నియమాలు రాసుకున్నాడు. తలాలు చదునుగా ఉండాలి, అంచులు పదునుగా ఉండాలి, మెరుగుపెట్టిన చోట ప్రతిబింబం వంకర పోకూడదు. 1967లో వచ్చిన 44జీఎస్ అనే గ్రాండ్ సీకో వాచీలో ఇవన్నీ ఒక్కచోట కుదిరాయి. అలాంటి అద్దపు నునుపు కోసం గిర్రున తిరిగే తగరపు పలక చదును ముఖానికి వాచీ కేసును, అంటే దాని లోహపు గూడును, చేత్తో ఆనిస్తారు. దీన్నే జరత్సు అంటారు. ఒత్తిడి ఒక్క పిసరు ఎక్కువైనా అంచు గుండ్రమైపోతుంది.

దగ్గర్లోనే సీకో మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం. ముందుగా సమయం రాయించుకుని వెళ్లడం మేలు. 1923 కాంతో భూకంపం తరవాతి మంటల్లో కరిగి ముద్దయిపోయిన జేబు గడియారాలను అక్కడ చూడవచ్చు. బాగుచేయమని జనం ఇచ్చిన గడియారాలు దాదాపు 1,500 ఆ మంటల్లో పోతే, సంస్థ స్థాపకుడు కింతారో హత్తోరి వాటి సొంతదారులకు కొత్తవి ఇచ్చాడు. పై అంతస్తులో పాతకాలపు జపాన్ గడియారాలున్నాయి. పగటిని ఆరు భాగాలు, రాత్రిని ఆరు భాగాలు చేసి, రుతువును బట్టి ఆ భాగాల నిడివిని మార్చేవారు. మన జాముల లెక్క తెలిసినవారికి ఇది వింతగా అనిపించదు. వాచీల గొడవ పట్టని మా తమ్ముడు కూడా ఇక్కడ గంటసేపు కదల్లేదు.

టోక్యోలోని షింజుకు స్టేషన్‌లో అజుసా రైలెక్కితే సువా ప్రాంతపు స్టేషన్ కామి-సువాకు రెండు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషన్ ప్లాట్‌ఫారం మీదే వేడినీటి ఊటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవచ్చు. ఒకప్పుడు పట్టుకు పేరుపడ్డ ఈ లోయలో 1942లో ఒక మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) గోదామును బాగుచేసుకుని వాచీ భాగాల పని మొదలుపెట్టారు. మొదటి గ్రాండ్ సీకో 1960లో సువాలోనే తయారైంది. స్ప్రింగ్ డ్రైవ్ అనే వాచీ యంత్రానికి పుట్టిల్లూ ఇదే. యొషికజు అకాహనే అనే ఇంజనీరుకు 1977లో ఆ ఆలోచన వచ్చింది. అది వాచీగా బయటికి వచ్చింది మాత్రం 1999లో, ఆయన పోయాక. దానికి బ్యాటరీ ఉండదు. కీ ఇచ్చిన స్ప్రింగే పళ్లచక్రాలను తిప్పుతుంది. ఆ శక్తిలో కొంత విద్యుత్తుగా మారి, కాలాన్ని కొలిచే క్వార్ట్జ్ స్ఫటికాన్ని నడుపుతుంది. దాని లెక్క ప్రకారం చివరి చక్రానికి అయస్కాంతపు బ్రేకు పడుతుంది. అందుకే సెకన్ల ముల్లు టిక్కుమనకుండా జారుతూ పోతుంది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రానివ్వమని కంపెనీ చెబుతుంది.

అయితే ఈ పని జరిగే స్టూడియోలోకి, అంటే దగ్గరి ఊరు షియోజిరిలోని వాచీల పనిశాలలోకి, అడిగిన వెంటనే రానివ్వరు. సువాకు వెళ్లి వాచీల తయారీ చూడవచ్చనుకుంటే నిరాశే. షిమో-సువాలోని గిషోదో ప్రదర్శనశాల కొంత లోటు తీరుస్తుంది. పదకొండో శతాబ్దంలో చైనాలో సు సోంగ్ కట్టిన, నీటితో నడిచే గడియార గోపురానికి నమూనా అక్కడ ఉంది. రుసుము కట్టి మనమే ఒక వాచీని బిగించుకోవచ్చు. బస విషయానికొస్తే, సరస్సు ఒడ్డున మేం దిగిన సత్రంలో స్నానం హాయిగా ఉంది. శాకాహారమని రెండుసార్లు చెప్పినా రాత్రి భోజనం మాత్రం చేపతోనే మొదలైంది, చేపతోనే ముగిసింది. కూరగాయల పులుసులోనూ చేప సారమే. శాకాహారులు భోజనం లేకుండా గది మాత్రమే తీసుకోవడం మంచిది.

షిజుకుయిషికి టోక్యో నుంచి మొరియోకా దాకా షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు), అక్కడి నుంచి తజావాకో లైను. స్టేషన్ నుంచి టాక్సీ తప్పదు. తిరుగు టాక్సీ కూడా అప్పుడే మాట్లాడుకోండి, రోడ్డు మీద దొరకదు. ఇక్కడి వాచీల స్టూడియోకు ముందస్తు బుకింగ్ ఉండాల్సిందే. 2020లో తెరిచిన ఈ చెక్క భవనాన్ని వాస్తుశిల్పి కెంగో కుమా రూపొందించాడు. గాజు గోడ వెనక, దుమ్ము సోకని గదిలో పనివాళ్లు వంగి కూర్చుని ఉంటారు. గంటకు 36,000 సార్లు కొట్టుకునే హైబీట్ యంత్రాలు ఇక్కడే బిగిస్తారు. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో సరిచేస్తున్న ఒకామెను నేను చాలాసేపు చూశాను. చేతి కదలిక కనిపించనే లేదు. తరవాత ఒక్కో యంత్రాన్ని ఆరు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో 17 రోజులు పరీక్షిస్తారు.

ఇక డయల్. బర్చ్ చెట్టు బెరడును తలపించే గరుకుతనంతో 2021లో వచ్చిన తెల్ల డయల్ వాచీ గింజాలో నాకు అతిగా తోచింది. ఇక్కడ పక్క కిటికీలోంచి మబ్బుపట్టిన వెలుతురు పడుతుంటే ఆ గీతలు అణగి ఉన్నాయి. ముళ్ల అంచులు మాత్రం స్పష్టంగా తేలాయి. టైము చూడటానికి దీపం అక్కర్లేదు. తనాకా నియమాల వెనక ఏముందో నాకు ఆ బల్ల దగ్గరే బోధపడింది. నా ఓటు షిజుకుయిషికి వేసింది అందుకే.

బసకు మొరియోకా స్టేషన్ పక్క హోటళ్లు చిన్న గదులే అయినా శుభ్రం, రైళ్లకు అనువు. వేడినీటి ఊటలు కావాలంటే దారిలోనే త్సునాగి ఉంది, కానీ బస్సుల వేళలు చూసుకునే వెళ్లాలి. మొరియోకా చల్లని నూడుల్స్‌కు పేరు, వాటి రసం మాంసానిది. మమ్మల్ని ఆదుకున్నది ఫుకుదా పాన్ అనే రొట్టెల దుకాణం, తీపి చిక్కుడు ముద్ద, వెన్న పట్టించిన పొడుగు రొట్టె.

కొనేవారు తిరుగు ప్రయాణానికి బిల్లు దగ్గర ఉంచుకోండి. ఉచిత పరిమితి దాటిన వాచీకి శంషాబాద్‌లో సుంకం కట్టాలి, అదీ కలిపి చూస్తే బేరం అంత చవకగా తేలకపోవచ్చు. వాడిన వాచీలకు టోక్యోలో నకానో బ్రాడ్‌వే అనే దుకాణాల సముదాయం మంచి చోటు. 1960, 70ల నాటి సీకోలు వరసగా ఉంటాయి. అక్కడ అడగాల్సింది కేసుకు మళ్లీ మెరుగుపెట్టారా అని. పెట్టి ఉంటే పదును అంచులు పోయినట్టే, ఎంత తక్కువకు ఇచ్చినా నేనైతే తీసుకోను.